పన్నెండో సైకిలు

కాలవ బ్రిడ్జి దిగుతూనే నాగేశ్వరమ్మ సీటు మీంచి లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టింది. బ్రిడ్జి దాటేదాకా ఎవరూ ఎవరినీ దాటకూడదు. దాటాక ఎవరి కాళ్ళు వాళ్ళవి. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు పోయే రోడ్డు మీద, విత్తనాల ప్లాంటు గేటు దాకా అయిదు కిలోమీటర్లు. పన్నెండు మంది ఆడవాళ్ళు, పన్నెండు సైకిళ్ళు.

"ఏమ్మే బాలింతా, ఊపిరాడతాందా?" వెనక్కి తిరగకుండానే అరిచింది నాగేశ్వరమ్మ.

"నా ఊపిరి సంగతి నాకిడిసిపెట్టు. నీ చైను కర్రుకర్రుమంటాంది, సూసుకోక్కా," అంది ఫెబా.

"అది చైను కాదు. నిన్ను నములుతాండా."

వెనక వస్తున్నవాళ్ళు నవ్వారు. నాగేశ్వరమ్మకు నలభై దాటాయి. తెల్లారకముందే రెండు బర్రెల పాలు పిండి, పాలకేంద్రంలో పోసి, అదే సైకిలు మీద పనికొస్తుంది. పనిలో చేరినప్పటి నుంచి ఆమె చక్రం ముందు ఇంకొకరి చక్రం పోయిన రోజు లేదు. ఫెబాకు ఇరవై మూడు. కాన్పయ్యి మళ్ళీ పనికొచ్చి ఇది రెండో వారం. ఈ సోమవారం పొద్దున బిడ్డ సిరి కడుపునిండా పాలు తాగి, పాలు కారే నోటితోనే నవ్వింది. ఆ నవ్వు ఫెబా కాళ్ళలోకి దిగినట్టుంది.

ముందు మొక్కజొన్న బస్తాల లారీ నిదానంగా పోతోంది. నాగేశ్వరమ్మ కుడి పక్క నుంచి దాటబోయింది, ఎదురుగా నంద్యాల బస్సు హారన్ కొట్టేసరికి తగ్గింది. ఫెబా ఆగలేదు. ఎడమ పక్క మట్టిలోకి దిగి, హ్యాండిలు గడగడలాడుతుంటే పళ్ళు బిగబట్టి, లారీ మూతి ముందు మళ్ళీ రోడ్డెక్కింది. డ్రైవరు ఏదో తిట్టాడు. ఆమెకు వినపడలేదు. గేటు లోపలికి పోయి, షెడ్డు గోడ మీద సుద్దతో రాసిన ఒకటో నంబరు కింద ముందు చక్రం ఆనించాకే ఊపిరి వదిలింది.

"అబ్బో, రాజ్యం మారిపాయనే!" చప్పట్లు కొట్టాడు మేస్త్రీ జయప్రకాష్.

గోడ మీద ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు రాసింది ఆయనే. సైకిలు ఏ నంబరు కింద ఆగితే ఆ రోజు ఆ చోట పని. ఒకటో నంబరుకు కిటికీ, గాలి. తర్వాత బెల్టుకు అటూ ఇటూ వరసగా పది మంది, విరిగిన గింజా రాయీ ఏరేవాళ్ళు. పన్నెండో నంబరుకు మూల. ఆ మూలన డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. విత్తనానికి గులాబీ రంగు మందు పట్టించే డ్రమ్ము. దాని నోటి కింద నిలబడి మందు పట్టిన గింజను చేటలతో ఎత్తి సంచులకు పోయాలి. మూతికి కొంగు, చేతులకు పాత ప్లాస్టిక్ కవర్లు. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా గులాబీ పొడి పేరుకుంటుంది.

నాగేశ్వరమ్మ రెండో నంబరు కింద సైకిలు పెట్టి, ఆయాసపడుతూనే ఫెబా వీపు మీద ఒక్కటి చరిచింది. "మట్టిలోకి దిగినావ్ సూడు, అది నాకు తట్టల్యా. రేపు సూసుకుందాం."

"రేపూ ఇంతే అక్కా."

"రేపు వస్తావో రావో," అంది నాగేశ్వరమ్మ, నవ్వుతూ.

మంగళవారం పొద్దున ఆ మాట ఫెబాకు వేరేగా గుర్తొచ్చింది. వాళ్ళ వీధి సైకిలు పట్టనంత ఇరుకు. అందుకని ఫెబా, పక్కింటి సలోమి, ఇంకో ఇద్దరు సైకిళ్ళను వీధి మొదట్లో ప్రార్థన మందిరం గోడకు ఆనించి పెడతారు. ఫెబా సైకిలు వెనక చక్రం నేలకు అతుక్కుపోయి ఉంది. వంగి చూస్తే గాలిపిన్నుకు పైన ఉండే బిళ్ళ లేదు, లోపలి రబ్బరు లేదు.

"అయ్యో వదినా, ఎవురో కావాలనే తీసినారు," అంది సలోమి, తన సైకిలు బయటికి లాక్కుంటూ. సలోమి మనిషి సన్నగా ఉంటుంది. పన్నెండు మందిలో నిదానంగా తొక్కేది ఆమే. "పాలక్యాను తీసుకొని పొద్దుపొద్దున్నే ఈ దావన పోయేది ఎవురు, సెప్పు? నిన్న దాటినావు కదా. ఆయమ్మకు మనసు కాలింటాది."

నాగేశ్వరమ్మ చరిచిన చోట వీపు మండినట్టయింది.

"నేను పోతాండా వదినా, ఆలస్యమైతే నాకే ఆ మూల," అంటూ సలోమి వెళ్ళిపోయింది.

రోడ్డు మీద పంక్చరు కొట్టు కొండయ్య ఏడున్నరకు గానీ తలుపు తీయడు. ఫెబా సైకిలు తోసుకుంటూ పోయి కొట్టు ముందు నిలబడింది. అవతల శిల్పాల షెడ్లలో రాతి మీద ఉలి దెబ్బలు అప్పుడే మొదలయ్యాయి. ఒక్కొక్క దెబ్బకూ ఆమె బ్రిడ్జి వైపు చూసింది. పదకొండు మంది అక్కడ ఆగుతారు, కాసేపు చూస్తారు, పోతారు. ఆగిపోయిన మనిషి కోసం ఎదురుచూసే అలవాటు వాళ్ళలో లేదు. కొండయ్య వచ్చి రబ్బరు ఎక్కించి గాలి కొట్టేసరికి బ్రిడ్జి ఖాళీగా ఉంది.

పన్నెండో నంబరు కింద సైకిలు పెట్టి ఫెబా మూలకు నడిచింది. మందు డబ్బాల మీద పుర్రె బొమ్మ ఉంది. దాని కింద సన్నటి అక్షరాలు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన ఫెబా వాటిని ఇంతకుముందు ఎప్పుడూ చదవలేదు. ఆ రోజు డ్రమ్ము కింద గింజలు నిండే లోపల కూడబలుక్కుని చదివింది. 'పిల్లలకు దూరంగా ఉంచవలెను.' దూరంగా ఉంచవలసింది డబ్బానా, తననా? ఆ ప్రశ్న రోజంతా చేటతో పాటు పైకీ కిందికీ ఆడింది.

సాయంత్రం ఇంటికి పోయి రెండుసార్లు స్నానం చేసింది. శనగపిండి పెట్టి రుద్దుకుంది, నిమ్మచెక్క రుద్దుకుంది. సిరి ఆకలికి ఏడుస్తోంది. ఒళ్ళో వేసుకుంటే ఆవురావురుమని నోరు తెరిచింది, ఒక్క చుక్క లాగి మొహం తిప్పేసింది. మళ్ళీ పెడితే మళ్ళీ తిప్పింది. ఎనిమిది నెలల బిడ్డ, రెండు చేతులతో తల్లి రొమ్మును అవతలికి నెట్టింది.

"ఏం పూసుకొచ్చినావే?" అంది అత్త దేవమ్మ, ముక్కు దగ్గరకు పెట్టి వాసన చూసి. "పురుగుల మందు కొట్టిన చేను మాదిరి ఉండావు. ఇట్లా ఇయ్యి." బిడ్డను తీసుకుపోయి గంజినీళ్ళు చెంచాతో పోసింది. ఫెబా గోడకు ఆనుకుని కూర్చుంది. పాలు ఆగక రవిక తడిసిపోతుంటే పమిట అడ్డం పెట్టుకుని, ఆ చెంచా ఎన్నిసార్లు పోయి వచ్చిందో చూస్తూనే ఉంది.

బుధవారం మళ్ళీ గాలి లేదు.

ఈసారి ఆమెకు ఆశ్చర్యం రాలేదు. వంగి చూడలేదు కూడా. సైకిలు తోసుకుంటూ కొండయ్య కొట్టుకు పోయింది.

"ఏందమ్మా ఇది? మీ యీదిలో గాలి దొంగలు పడినారా?" అన్నాడు కొండయ్య.

"దొంగలు కాదు మామా. పెద్దమనుషులే."

డ్రమ్ము దగ్గర నిలబడి కిటికీ వైపు చూసింది. కిటికీ దగ్గర నాగేశ్వరమ్మ కూర్చుని, గింజలు ఏరుతూ పక్కామెతో ఏదో చెప్పి గలగలా నవ్వుతోంది. ఆ నవ్వు డ్రమ్ము చప్పుడులోంచి కూడా వినిపించింది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నాగేశ్వరమ్మే పలకరించింది. "ఏమైంది ఫెబా, రెండు దినాలుగా కడాకు వస్తాండావు? సోమవారం ఒక్క దినానికే ఆవిరైపోయినావా?"

ఫెబా చేతిలో ముద్ద అట్లాగే ఉంది. ఎంత మంచిగా అడుగుతోంది, ఏమీ ఎరగనట్టు. "టైరులో గాలి లేదక్కా," అంది, ఆమె కళ్ళలోకి చూస్తూ. "రెండు దినాలూ ఎవురో కావాలనే తీసినారు."

నాగేశ్వరమ్మ డబ్బా మూత పెట్టి, "సరిగా పెట్టుకోవాల మరి బండిని," అని లేచిపోయింది.

ఆ సాయంత్రం సిరి బుగ్గ మీద ఎర్రగా దద్దు లేచింది. ఎక్కడ తగిలిందో, చీరకా, జుట్టుకా, చేతికా. దేవమ్మ ఏమీ అనలేదు. అననందుకే ఫెబాకు భయమేసింది. నంద్యాల మిల్లులో పనిచేసే మొగుడు యేసుదాసు ఫోను చేసి "బిడ్డ బాగుందా?" అంటే "బాగుంది" అంది. ఫోను పెట్టేసి చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. గీతల్లో గులాబీ రంగు దిగి ఉంది, ఎంత రుద్దినా పోలేదు.

అప్పుడు నిశ్చయించుకుంది. నాగేశ్వరమ్మ సైకిలు చైను తెంపాలనిపించింది మొదట. బ్రేకు వైరు కోయాలనిపించింది. లారీల రోడ్డు అది, వద్దనుకుంది. ఆమె పడకూడదు. దెబ్బ తగలకూడదు. ఆమె ఆ మూల నిలబడాలి. ఒక్క రోజు, పొద్దున నుంచి సాయంత్రం దాకా, ఆ పొడి పీలుస్తూ నిలబడాలి. తాను కిటికీ దగ్గర కూర్చుని నవ్వాలి. అంతే, అంతకన్నా ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఆ కొలత దొరికాక మనసు చల్లబడింది.

గురువారం తెల్లవారుజామున బిడ్డను అత్త పక్కలో వేసి, పమిట తలమీంచి కప్పుకుని పాలకేంద్రం దగ్గరకు పోయింది. పాలు పోసేవాళ్ళు లోపల వరసలో ఉన్నారు. బయట వేపచెట్టు కింద నాగేశ్వరమ్మ సైకిలు. ఫెబా దాని పక్కన చెప్పు సరిచేసుకుంటున్నట్టు కూర్చుంది. పిన్ను బిళ్ళ తిప్పి, రబ్బరు లాగింది. గాలి బుస్సుమని ఆమె ముంజేతికి తగిలింది. చల్లగా ఉంది. రెండో చక్రానిది కూడా తీసి, బిళ్ళలు మళ్ళీ బిగించింది. నాగేశ్వరమ్మ ఒక్క చక్రమే తీసేది. తాను రెండూ తీసింది. ఆ రబ్బర్లను దారిలో మురికి కాలవలో పారేసి, తిరిగి చూడకుండా వచ్చింది.

ఆ రోజు ఫెబా సైకిలుకు గాలి ఉంది. ఇంకెందుకు తీస్తుంది, ఆమెదే పోయిందిగా, అనుకుని లోపల నవ్వుకుంది. బ్రిడ్జి దగ్గర నాగేశ్వరమ్మ లేదు. ఎవరూ పోటీ లేకుండానే ఒకటో నంబరు దొరికింది.

ఎనిమిది దాటాక నాగేశ్వరమ్మ వచ్చింది. సైకిలును పన్నెండో నంబరు కింద పెట్టి, ఎవరినీ చూడకుండా కొంగు మూతికి కట్టుకుంది. చేతులకు కవర్లు తొడుక్కుంది. మూలకు నడిచింది. ఫెబా కిటికీ దగ్గర కూర్చుని చూసింది. కళ్ళార్పితే ఏదైనా తప్పిపోతుందేమో అన్నట్టు చూసింది. మొదటి చేట ఎత్తినప్పుడు నాగేశ్వరమ్మ దగ్గింది. రెండో చేటకు కళ్ళు నలుపుకుంది. పది గంటలకు ఆమె నుదురు గులాబీ రంగయింది. బెల్టు మీద గింజలు ఫెబా వేళ్ళ కింద నుంచి తప్పించుకుని పోతున్నాయి. ఏరాల్సిన రాళ్ళు కూడా పోయాయి. పక్కామె మోచేత్తో పొడిచింది. "యాడ సూస్తాండావ్మే?"

"సినిమా," అంది ఫెబా.

మధ్యాహ్నం నాగేశ్వరమ్మ మొహం కడుక్కుని వచ్చి నడుమ కూర్చుంది. ఎడమ దవడ పట్టుకుని, అందరికీ వినపడేట్టు అంది. "నా రెండు చక్రాల్లో గాలి తీసినారు. తీసినామె సామాన్యమైంది కాదు. రబ్బరు పీకినాక బిళ్ళ తిరిగి బిగిచ్చి పోయింది సూడండి, ఎంత మర్యాదో!" అందరూ నవ్వారు. సలోమి ఒక్కతే నవ్వలేదు, డబ్బాలో అన్నం కెలుకుతూ ఉంది. "సరే, ఎట్లాగూ ఈ పొద్దు పన్ను సలుపుతాంది. సాయంత్రం బస్సుకు నంద్యాలకు మా చెల్లెలింటికి పోతాండా. రేపు ఆస్పత్రిలో పన్ను పీకిచ్చుకొని రేత్రికి వస్తా. నేను లేని దినం గెలిచి గొప్పలు పోవద్దండి."

ఆ సాయంత్రం సిరి పాలు తాగింది. మొదట అనుమానంగా వాసన చూసింది, తర్వాత కళ్ళు మూసుకుని గుటకలు వేసింది. ఒక్కో గుటకకూ ఫెబా ఒంట్లో ముడి ఒకటి వదులైంది. పగ ఇంత మేలు చేస్తుందని ఎవరూ చెప్పలేదు ఆమెకు.

శుక్రవారం తెల్లవారుజామున సిరి తడిపిన గుడ్డలు తీసుకుని కుళాయి దగ్గరకు బయలుదేరింది. వీధి మొదట్లో, మందిరం గోడ దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు. నాగేశ్వరమ్మ నంద్యాలలో ఉంది కదా అనుకుంది ముందు. తర్వాత బుస్సుమని గాలి పోయే చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఇప్పుడు ఫెబాకు బాగా తెలుసు.

సలోమి తన చేతిలోని రబ్బరును కొంగుకు ముడేసుకుని లేవబోయింది. లేవలేక గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఏమీ లేని వాంతి, పసరు నీళ్ళు. మూతి తుడుచుకుని తిరిగేసరికి ఎదురుగా ఫెబా.

గుడ్డలు కింద పడేసి ఫెబా ఆమె జబ్బ పట్టుకుంది. "నువ్వా?"

సలోమి కొంగు ముడిని పిడికిట్లో దాచుకుంది.

"మూడు దినాలూ నువ్వేనా? నా పక్కన నిలబడి, వదినా వదినా అని, ఆయమ్మ మీద చెప్తివి కదే! నా బిడ్డ నా పాలు తాగల్యా, ఎరుకనా నీకు? దాని బుగ్గ సూసినావా?"

"సూసినా," అంది సలోమి. "నిన్న ఎత్తుకున్న్యా. సూసినా వదినా."

"సూసి, మళ్ళీ వచ్చినావా!"

"నాకు మూడో నెల." గొంతు తగ్గించింది, గోడకు కూడా వినపడకూడదన్నట్టు. "ముందు రెండు పోయినాయి. రెండు తూర్లూ నేను ఆ డ్రమ్ము కాడనే ఉంటి. చెప్తే మేస్త్రీ పనిలోంచి తీసేస్తాడు, పోయిన యేడు ఇట్లనే కడుపుతో ఉండే ఒకామెను తీసేసినాడు కదా. తొక్కి మిమ్మల్ని దాటే బలం నాకాడ ల్యా. ఎవురో ఒకరు నా యెనక రావాల. నిన్న తెల్లారకముందే నువ్వు లేచి యీదిలో ఉంటివి, కుదరల్యా. నీ బిడ్డ బయటికొచ్చి, నవ్వుతాంది కదా అనుకొంటి. నాది ఇంగా లోపలే ఉండాది."

ఫెబా చెయ్యి దానంతటదే లేచింది. కొట్టలేదు. కొడితే సరిపోదనిపించింది. సలోమి సైకిలు ముందు కూర్చుని వెనక చక్రం పిన్ను తిప్పి రబ్బరు పీకింది. సలోమి అడ్డం రాలేదు. గాలి పోయేంతసేపూ ఇద్దరూ అట్లాగే ఉన్నారు, ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి.

"సరిపాయ," అంది ఫెబా లేస్తూ. "ఇప్పుడు ఇద్దరం పోతాం కొండయ్య మామ కాడికి. ముందు నేను నిలబడతా."

అట్లాగే నిలబడింది. ఏడున్నరకు కొండయ్య తలుపు తీసేసరికి ఫెబా సైకిలు గడపకు ఆని ఉంది. సలోమి నాలుగడుగుల వెనక, నుదుటి మీద చెమటతో. ముందు తనది వేయమని సలోమి అడగలేదు. అడిగితే బాగుండేదేమో, కాదనే పని తనకుండేది. కొండయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ అడగకుండా ఫెబాది పూర్తిచేశాడు. ఫెబా ఎక్కి తొక్కింది. బ్రిడ్జి మీద ఒక్కసారి తిరిగి చూసింది. కొట్టు ముందు సలోమి, చిన్నగా, ఒక చెయ్యి సైకిలు మీద, ఒక చెయ్యి కడుపు మీద.

ఆ రోజు నాగేశ్వరమ్మ లేదు కాబట్టి పదకొండు మందే. పదో నంబరు ఫెబాది. ఆఖరున సలోమి వచ్చి తన సైకిలును పదకొండో నంబరు కింద పెట్టి మేస్త్రీ వైపు చూసింది. జయప్రకాష్ సైకిళ్ళ వరసకు చెయ్యి చూపి, గడ్డంతో మూల వైపు సైగ చేశాడు. సలోమి కొంగు మూడు మడతలు పెట్టి మూతికి కట్టుకుని నడిచింది.

ఫెబా గింజలు ఏరింది. తల ఎత్తకూడదనుకుంది. నిన్న నాగేశ్వరమ్మను చూసినట్టు చూడాలని వచ్చింది, ఇంకా ఎక్కువ కసితో వచ్చింది. కానీ సలోమి చేట ఎత్తే తీరు వేరుగా ఉంది. మొహం పక్కకు తిప్పి, కడుపు వీలైనంత వెనక్కి లాక్కుని, చేతులు మాత్రమే ముందుకు చాచి ఎత్తుతోంది. అట్లా ఎత్తితే నడుము విరుగుతుంది. ఒక గంట గడిచింది. రెండో గంటకు ఫెబా లేచి మేస్త్రీ దగ్గరకు పోయింది.

"అన్నా, సలోమికి ఒంట్లో బాగలేదు. ఆమెను ఆడ నుంచి మార్చు."

జయప్రకాష్ సెల్లు చూసుకుంటున్నాడు. "నేనా పెట్టింది?"

"మరి ఎవురు?"

"నా నోటితో ఎవురి పేరన్నా చెప్పినానా? ఏ పొద్దన్నా చెప్పినానా? మీ సైకిళ్ళు చెప్తాండాయి, మీరు పోతాండారు. మీలో మీకు పంచాయితీలు ల్యాకుండా ఉండాలనే కదా ఆ నంబర్లు రాసింది?" నవ్వాడు. "అంత జాలైతే నువ్వు పో ఆడికి. నేనొద్దన్నానా?"

ఫెబా మూల వైపు చూసింది. సిరి చేతులు తనను నెట్టడం గుర్తొచ్చింది. తిరిగొచ్చి తన చోట కూర్చుంది.

సాయంత్రం సిరి పాలు తాగుతుంటే పక్కింట్లోంచి నీళ్ళు పోసుకునే చప్పుడు వచ్చింది. చెంబు మీద చెంబు. ఆగింది, మళ్ళీ మొదలైంది. దేవమ్మ, "ఏందే, ఆ పిల్ల నీళ్ళు అయిపోగొట్టేట్టుండాది," అంది. ఫెబా బిడ్డ చెవి మీద చెయ్యి పెట్టి మూసింది. బిడ్డకు వినపడితే ఏమవుతుందో ఆమెకే తెలీదు. పొద్దున కొట్టు ముందు తనకే చోటు దొరికింది, నిజమే. నాగేశ్వరమ్మను నిలబెట్టింది, సలోమిని నిలబెట్టింది. ఇద్దరి మీదా తీర్చుకుంది. మరి ఈ మంట ఎందుకు చల్లారలేదు? ఎవురి పేరన్నా చెప్పినానా అన్న మేస్త్రీ నోరు మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందు ఆడింది. తాను పక్కకు తప్పుకుని, నవ్విన నోరు.

శనివారం బ్రిడ్జి మీద నాగేశ్వరమ్మ అందరికన్నా ముందుంది. ఎడమ బుగ్గ బూరెలా పొంగింది, తలచుట్టూ తువ్వాలు కట్టుకుంది. సలోమి కూడా వచ్చింది, మొహం పాలిపోయి, ఎవరికీ దగ్గరగా నిలబడకుండా.

ఫెబా సైకిలు దిగి నాగేశ్వరమ్మ దగ్గరకు పోయింది. "నీ గాలి తీసింది నేనే అక్కా."

"ఎరుకే," అంది నాగేశ్వరమ్మ, నోటి ఒక పక్క నుంచి. "పాలకేంద్రంలో ఆరు మంది సూసినారు. దొంగపనికి పోయేటప్పుడు అంత ఎర్రచీర కట్టుకొని పోతారా మే?"

"మరి అడగల్యా?"

"నీ చేతుల రంగు సూసి అడగల్యా. నాది ఒక్క దినం తీసినందుకే నాకు కోపం, నీది రెండు దినాలు తీసినారని నీకుండదా? నేను తీసినాననుకున్న్యావు గదా?"

ఫెబా తల ఊపింది.

"తీసేదాన్నైతే నీ మొగం ముందర తీసేదాన్ని." నాగేశ్వరమ్మ హ్యాండిలు తిప్పి పెడలు మీద కాలు పెట్టింది. "ఆ లెక్క ఇప్పుడు తేలుస్తా. పన్ను పోయిందని అలుసు చేసుకోవద్దు. కాళ్ళు ఉండాయి."

బ్రిడ్జి దిగారు. వెనక తొమ్మిది సైకిళ్ళు, ఇంకా వెనక ఎక్కడో సలోమి. ఫెబా నిలబడి తొక్కింది. నాగేశ్వరమ్మ పక్కనే, ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేంత దగ్గరగా. తువ్వాలు జారి మెడలో పడినా ఆమె సర్దుకోలేదు. మూడో కిలోమీటరు దగ్గర ముందుకు పోయింది. నాలుగో దగ్గర నోరు తెరిచి గాలి పీల్చబోయి, నొప్పికి "అమ్మా" అంది. ఆ ఒక్క మాటంతసేపట్లో ఫెబా చక్రం ముందుకొచ్చింది.

గేటు ఒక రెక్కే తెరిచి ఉంది. లారీలు వచ్చేదాకా అంతే. ఒక సైకిలు పట్టే సందు. ఆ సందు లోపల జయప్రకాష్ టీ గ్లాసుతో నిలబడి, రోడ్డు వైపు చూస్తూ ఎగిరెగిరి అరుస్తున్నాడు. "తొక్కు నాగేశ్వరమ్మా, తొక్కు! బాలింత కొట్టేస్తాంది! అబ్బబ్బా, యాడ దొరుకుతాది ఇట్లాంటి పందెం!"

ఫెబా బ్రేకు పట్టింది. సందులో, సరిగ్గా సందులో దిగి, సైకిలును అడ్డంగా నేల మీద పడుకోబెట్టింది. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

నాగేశ్వరమ్మ చెప్పులు నేలకు రాసి ఆగింది. "ఏందే ఇది! గెలిచినాక ఈ నాటకమేంది? లేపు!"

"ఈయప్ప ఏనాడన్నా ఒకరి పేరు చెప్పినాడా అక్కా?" ఫెబాకు ఊపిరి అందలేదు. "డ్రమ్ము కాడికి ఫలానా ఆమె పోవాల అని, నోరు తెరిచి? సలోమి నా గాలి తీసింది. నేను నీ గాలి తీసినా, సలోమిది తీసినా. ఈయప్ప ఆడ నిలబడి పందెం సూస్తాండాడు. ఈ పొద్దు నా సైకిలు ఏమీ చెప్పదు. నీకు పోవాలంటే దీని మీద నుంచి పో. ఒకటో నంబరు నీదే."

నాగేశ్వరమ్మ తన సైకిలును రెండు చేతులా ఎత్తింది. పోవచ్చు, అడ్డం వేసిన సైకిలు దాటడం ఆమెకు పనే కాదు. ఫెబా పక్కకు జరగలేదు, అడ్డమూ రాలేదు. ఎత్తిన సైకిలుతోనే నాగేశ్వరమ్మ గేటు లోపలికి చూసింది, మేస్త్రీని చూసింది, వాచిన బుగ్గతో ఏదో నమిలింది. తర్వాత దాన్ని తెచ్చి ఫెబా సైకిలు మీద దడాలున పడేసింది.

"కింద నీది, పైన నాది," అంది. "గెలిచింది నేనే. సూసుకో."

మిగతావాళ్ళు వచ్చి ఆగారు. కొందరు ఏమైందని అడిగారు, కొందరు అడక్కుండానే దిగారు. ఒక సైకిలు మీద ఇంకొకటి పడింది. ఒకామె, "నాది కొత్తది, గీతలు పడతాయి," అని గొణుగుతూనే మెల్లగా పైన పెట్టింది. ఆఖరున సలోమి వచ్చింది. ఆ కుప్పను చూసి, ఫెబాను చూసి, ఏమీ అర్థంకాక నిలబడితే నాగేశ్వరమ్మ ఆమె చేతిలోంచి సైకిలు లాక్కుని అన్నిటి పైనా పెట్టింది.

జయప్రకాష్ బయటికి వచ్చాడు. "ఏందమ్మా ఇది? లారీ వచ్చే యాళైంది. ఎవురు ముందొచ్చినారు?"

నాగేశ్వరమ్మ సైకిళ్ళ కుప్ప వైపు గడ్డంతో సైగ చేసింది.

"కడాకెవురు?"

లోపల ఎవరో మిషను వేసినట్టున్నారు. ఖాళీ డ్రమ్ము తిరగడం మొదలైంది. గింజ లేకపోతే దాని చప్పుడు వేరేగా ఉంటుంది, డొల్లగా, పెద్దగా.

"డ్రమ్ము ఖాళీగా తిరుగుతాంది, ఇనపడల్యా? ఎవురో ఒకరు పోండమ్మా!"

"ఎవురో చెప్పన్నా," అంది ఫెబా.

"నేను చెప్పేదేంది..."

"నువ్వే చెప్పు. పేరు పెట్టి చెప్పు. ఫెబా, నీ బిడ్డ నీ పాలు ఇడిసిపెట్టినా సరే పో అని చెప్పు, పోతా. కాదంటే ఈమెను చెప్పు. ఆమెను చెప్పు. అందరం ఈడనే ఉండాం."

"నా పేరు చెప్పు జయప్రకాషూ," అంది నాగేశ్వరమ్మ, బుగ్గ పట్టుకుని. "పలుకుతాదేమో సూద్దాం నీ నోట్లో."

ఆయన నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. ఫెబా మొహం చూశాడు, వెంటనే పక్కకు తిప్పుకున్నాడు. నాగేశ్వరమ్మను చూశాడు. ఆ పక్కామెను, ఆ పక్కామెను. ఎవరి మీద కళ్ళు పడితే వాళ్ళు సూటిగా తిరిగి చూశారు. సలోమి దగ్గరకు వచ్చేసరికి ఆయన పెదవులు కదిలాయి. సలోమి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, మొదటిసారి, దాచుకోకుండా నిలబడింది. పెదవులు మళ్ళీ మూసుకున్నాయి. పన్నెండో మొహం దాకా పోయి, మళ్ళీ మొదటి మొహానికి వచ్చాడు.

ఫెబా తొందరపడలేదు. ఈ వారంలో ఆమె ఇద్దరి మీద పగ తీర్చుకుంది, రెండుసార్లూ తొందరపడింది.

"నిదానంగా ఆలోచించే చెప్పన్నా," అంది. "టీ సల్లారిపోతాంది, తాగతా తాగతా చెప్పు."